బ్యాట్‌మన్ కేప్‌తో గాలిలో తేలడం సాధ్యమే.. ప్రాణాలతో దిగడమే అసలు చిక్కు

భుజాల నుంచి మడమల వరకు జారే నల్లని కేప్ లేనిదే బ్యాట్‌మన్ రూపం పూర్తి కాదు. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన ఈ కామిక్ కథానాయకుడికి అతీత శక్తులేవీ లేవు. ధనం, సాధన, పరికరాలే అతని బలం. కనుక ఆ పరికరాలు నిజ జీవితంలో పనిచేస్తాయా అని ప్రశ్నించడం సమంజసమే. 2005 నాటి ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ చిత్రం కేప్‌కు ఒక శాస్త్రీయ వివరణను కూడా జోడించింది. విద్యుత్తు ప్రవహించగానే మెత్తని వస్త్రం బిగుసుకుని రెక్కగా మారుతుందన్నది ఆ కల్పన.

ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ రెక్కను లెక్కల్లో పరీక్షించారు. 2012లో వారి పత్రం వార్తలకెక్కింది. కేప్ విస్తారం ఒక కొస నుంచి మరో కొస వరకు 4.7 మీటర్లని, కథానాయకుడు 150 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి దూకుతాడని వారు అనుకున్నారు. అలా దూకినవాడు దాదాపు 350 మీటర్ల దూరం తేలుతూ వెళ్లగలడని తేలింది. ఇంతవరకు సినిమాదే గెలుపు.

అయితే దూకిన కొద్ది క్షణాలకే అతని వేగం గంటకు 110 కిలోమీటర్ల దాకా పెరిగి, ఆపై దాదాపు 80 కిలోమీటర్ల వద్ద స్థిరపడుతుంది. నేలను తాకేది ఆ వేగంతోనే. సుమారు 25 మీటర్ల ఎత్తు, అంటే ఎనిమిది అంతస్తుల మేడ మీదినుంచి పడిన మనిషి నేలను చేరే వేగంతో ఇది సమానం.

ఇంతటి వేగం ఎందుకు? రెక్కకు దొరికే ఊర్ధ్వబలం దాని వైశాల్యం మీద, వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. వైశాల్యం నాలుగో వంతుకు తగ్గితే, అదే బరువును మోయడానికి వేగం రెట్టింపు కావాలి. పక్షులైనా, హ్యాంగ్ గ్లైడర్ నడిపేవారైనా దిగే ముందు రెక్క ముందు అంచును పైకెత్తి వేగాన్ని తగ్గించుకుంటారు. రెక్క చిన్నదైతే ఆ ఉపాయమూ అంతగా ఫలించదు. పశ్చిమ కనుమల అడవుల్లోని ఎగిరే ఉడుత కాళ్ల మధ్య చర్మాన్ని చాచి చెట్టు నుంచి చెట్టుకు క్షేమంగా చేరుతుంది కదా అనవచ్చు. శరీరాకృతి మారకుండా పొడవు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలే అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. ఉడుతకు సరిపోయే కొలత మనిషికి సరిపోకపోవడానికి కారణమిదే.

మరో ఇబ్బందిని సినిమాలు దాదాపు పట్టించుకోవు. తేలుతున్నప్పుడు శరీర భారమంతా రెండు రెక్కల మీద పడుతుంది. రెక్కను చేతులే పట్టి ఉంచాలంటే, చాచిన ఒక్కో చేయి సగం శరీర బరువును మోయాలి. జిమ్నాస్టులు రింగులపై చేసే ‘ఐరన్ క్రాస్’ భంగిమ అచ్చంగా ఇదే. పోటీల్లో దాన్ని రెండు సెకన్లు నిలిపితే చాలు. 350 మీటర్ల ప్రయాణానికి పది సెకన్లకు పైగా పడుతుంది, పైగా ఒంటిమీద కవచం బరువు ఉండనే ఉంది. వీపు మీదుగా సాగే గట్టి చట్రం లేకుండా ఈ పని కాదు.

బిగుసుకునే వస్త్రం మాత్రం ఇప్పుడు పూర్తిగా కల్పన కాదు. వేడి చేస్తే పూర్వపు ఆకృతికి తిరిగివచ్చే నికెల్-టైటానియం మిశ్రమలోహం నిటినాల్‌ను వైద్యులు స్టెంట్లలో వాడుతున్నారు. 2021లో సింగపూర్, అమెరికా పరిశోధకులు గొలుసు కవచంలా అల్లిన నైలాన్ వస్త్రాన్ని రూపొందించారు. దాన్ని సంచిలో ఉంచి గాలిని తీసేస్తే అది 25 రెట్లు గట్టిపడింది. మనిషిని మోసే రెక్కకు అది ఇంకా ఎంతో దూరంలో ఉన్నా, దారి ఉందని చూపింది.

వస్త్రాన్ని నమ్ముకుని దూకినవారి చరిత్రలో విషాదం ఉంది. పారిస్‌లో స్థిరపడిన దర్జీ ఫ్రాంజ్ రైషెల్ట్ ఒంటిమీద ధరించే పారాచూట్‌ను కుట్టారు. బొమ్మతో పరీక్షిస్తానని చెప్పి అనుమతి పొందిన ఆయన, 1912 ఫిబ్రవరి 4న మిత్రులు వారించినా వినకుండా ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి తానే దూకారు. ఎత్తు 57 మీటర్లు. వస్త్రం సరిగా విచ్చుకోలేదు, ఆయన అక్కడికక్కడే మరణించారు. ఆ దృశ్యం కెమెరాలో నమోదై నేటికీ మిగిలి ఉంది. మన దేశంలోనూ ‘శక్తిమాన్’ ధారావాహిక దూరదర్శన్‌లో ప్రసారమైన కాలంలో పిల్లలు అనుకరించి గాయపడ్డారన్న వార్తలు పెద్ద చర్చకు దారితీశాయి. కేప్ కట్టుకున్న పిల్లవాడికి ఈ లెక్కలేవీ తెలియవు. పెద్దలు చెప్పాల్సిందే.

నేటి వింగ్‌సూట్ క్రీడాకారులు బ్యాట్‌మన్‌కు అత్యంత సమీపంగా వచ్చినవారు. చేతులు, కాళ్ల మధ్య గాలితో నిండే వస్త్రం వారిని చాలా దూరం తీసుకెళ్తుంది, కానీ దిగేటప్పుడు పారాచూట్ విప్పక తప్పదు. దీనికి మినహాయింపు బ్రిటన్‌కు చెందిన గ్యారీ కానరీ. 2012 మే 23న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో దాదాపు 730 మీటర్ల ఎత్తున హెలికాప్టర్ నుంచి దూకి, పారాచూట్ తెరవకుండానే ప్రాణాలతో దిగారు. ఆయన కోసం నేలపై సుమారు 18,600 అట్టపెట్టెలను ముందుగానే పేర్చి ఉంచారు.