చలి రాత్రులు: లోపలి అగ్ని, బయటి కుంపటి

చలి అనగానే మనకు కాశ్మీరు, హిమాలయములు గుర్తుకు వస్తాయి. మంచు కురవని పాలమూరు, నల్లగొండ మెట్టలలో చలి ఏమి చేయగలదని కొందరు తేలికగా తీసుకొంటారు. కాని ఆ పల్లెలలో మార్గశిర, పుష్య మాసముల తెల్లవారుజాములను గడిపినవారు ఆ మాట అనరు. చలి వలన కలిగే హాని ఉష్ణమాపకంలోని అంకె మీదనే ఆధారపడదు. మనిషి వయస్సు, తిన్న తిండి, కప్పుకొన్న దుప్పటి, పడుకొన్న ఇల్లు కూడా దానిని నిర్ణయిస్తాయి.

ఈ మెట్టలలో చలి ఎందుకు ఎక్కువ?

మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి ఇంకను ఎత్తు. సముద్రపు తేమగాలి ఇక్కడికి అంతగా చేరదు. డిసెంబరు, జనవరి నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగటి ఎండకు కాగిన రాతి నేల ఆ వేడినంతా రాత్రి ఆకాశంలోకి వదలివేస్తుంది. దానిని అడ్డుకొనే మబ్బు లేదు, గాలిలో తేమ లేదు. అందువలన మధ్యాహ్నం చెమట పట్టిన మనిషే తెల్లవారుజామున గజగజ వణకుతాడు. మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, అది సాధారణం కంటె కనీసం 4.5 డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖవారు దానిని శీతగాలిగా పరిగణిస్తారు.

శరీరంలో జరిగేదేమిటి?

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు. చలి తగలగానే చర్మంలోని రక్తనాళములు ముడుచుకొని, వేడి బయటకు పోకుండా కాపాడుతాయి. వణుకు పుట్టి కండరములు వేడిని తయారుచేస్తాయి. రక్తనాళములు ముడుచుకొన్నందున రక్తపోటు పెరిగి, గుండెకు శ్రమ అధికమవుతుంది. చలికాలపు ఉదయములలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా రావడానికి ఇది ఒక కారణం. లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు పోతే ప్రాణాపాయం. అప్పుడు మాట తడబడుతుంది, మత్తు కమ్ముతుంది, వణుకు కూడ ఆగిపోవచ్చును.

శాస్త్రం చెప్పినది

హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, తగిన ఆహారమనే ఇంధనం దొరకనిచో అది శరీర ధాతువులనే దహిస్తుందని చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయం చెప్పుచున్నది. మధుర, ఆమ్ల, లవణ రసములు, స్నిగ్ధమైన ఆహారం, తైలాభ్యంగనం ఈ ఋతువునకు తగినవి. మన పెద్దల వంట కూడ ఇట్లే ఉన్నది. జొన్న రొట్టె, సజ్జ రొట్టె, ఉలవచారు, సంక్రాంతికి నువ్వులు వేసిన సకినాలు, నువ్వుల ముద్దలు ఈ కాలపు తిండ్లే. రాత్రి ఏమీ తినకుండా పడుకొనువారికి చలి అధికంగా సోకుతుంది.

కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో చేసే గొంగడి ఈ నేలకు తగిన వస్త్రం. ఉన్ని పోగుల మధ్య నిలిచిన గాలి వేడిని పోనీయదు. చేలలో మంద దగ్గర పడుకొనే గొర్రెల కాపరికి అదే ఇల్లు. కింద కూడ ఒక మందపాటి పరుపో, గడ్డియో ఉండవలెను. పైన ఎంత కప్పినను, కటిక నేల కింది నుండి వేడిని లాగుకొంటుంది. వలస పోయి గుడారములలో పడుకొనే పాలమూరు కూలీలు ముఖ్యంగా గుర్తుంచుకొనవలసిన విషయమిది.

కుంపటి విషయంలో జాగ్రత్త

వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయం ఋతుచర్యాధ్యాయంలో, నిప్పులతో వెచ్చబడిన లోగదులలో నివసించువారికి చలిదోషం అంటదన్నాడు. దీనిని చదివి నేటి ఇంటిలో కుంపటి పెట్టుకొని తలుపులు బిగించుకొనరాదు. పెంకుటింటిలో పెంకుల సందుల నుండి గాలి ఆడుతుంది. చెంచుల గుడిసెలో వెదురు తడిక గాలిని రానిస్తుంది. నేటి స్లాబు ఇంటి గదిలో కిటికీలు మూస్తే గాలి కదలదు.

బొగ్గులు పొగ లేకుండా కాలుచున్నప్పుడు కూడ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా అంటిపెట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, తల తిరుగుట మొదటి లక్షణములు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడ తెలియదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కనుక కుంపటిని ఆరుబయట కాచుకొని, నిద్రకు ముందు బయటనే పూర్తిగా ఆర్పివేయవలెను. ఎవరైనా స్పృహ తప్పితే వెంటనే తలుపులు తెరచి, వారిని బయటకు చేర్చి 108కు ఫోను చేయవలెను.

కల్లు, సారా త్రాగితే చలి తగ్గుననుట భ్రమ. మద్యం చర్మంలోని రక్తనాళములను వెడల్పు చేస్తుంది. పైకి వెచ్చగా తోచినను, లోపలి వేడి త్వరగా తరిగిపోతుంది.

పసిపిల్లలు, వృద్ధులు

అప్పుడే పుట్టిన శిశువునకు కనీసం 24 గంటల వరకు స్నానం చేయించరాదు. తల్లి రొమ్మున చర్మానికి చర్మం తగులునట్లు పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, తల్లిపాలు ఇచ్చుట ఉత్తమం. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయరాదు. ఆ నూనె ఊపిరితిత్తులలోకి చేరి న్యుమోనియా కలిగించవచ్చును. సాంబ్రాణి పొగ పసివారి ఊపిరికి మంచిది కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు.

వృద్ధులు తెల్లవారుజామున చన్నీటి స్నానం, నడక మానవలెను. ఎండ వచ్చిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనె మర్దనా చేసుకొని, వేడి నీళ్లతో స్నానం చేసిన చర్మపు పగుళ్లు, కీళ్ల బిగువు తగ్గుతాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీటితో కీళ్లు బిగుసుకొన్నవారికి కాపడం హాయినిచ్చునే కాని, వ్యాధిని పోగొట్టదు.

జలుబు, దగ్గులకు

అంగుళం అల్లం ముక్క, 5 మిరియాలు, 10 తులసి ఆకులు దంచి, రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగులు వరకు కాచవలెను. వడగట్టి, కొద్దిగా బెల్లం కలిపి గోరువెచ్చగా పెద్దలు రెండు పూటలా సేవించవచ్చును. మధుమేహం గలవారు బెల్లం మానవలెను. కడుపులో మంట, పుండు గలవారు ఈ కషాయం వాడరాదు. గొంతు నొప్పికి గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించిన ఉపశమనం కలుగుతుంది.

ఆయాసం, ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవుట, పసిబిడ్డ పాలు త్రాగకపోవుట, డొక్కలు ఎగురవేయుట కనిపించినచో కషాయములతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కడుపులోని అగ్నికి ఆహారం పెట్టండి, ఒంటికి నూనె, గొంగడి ఇవ్వండి. నిప్పుల కుంపటిని మాత్రం పడకగది గడప దాటి రానీయకండి.