పక్కగాలిలో చిన్న విమానము

సంక్రాంతి దినములలో చిక్కడపల్లి మేడలపై నిలిచి గాలిపటములు ఎగురవేయు బాలురకు గాలి దిక్కును ఎవరును చెప్పనక్కరలేదు; చేతిలోని దారమే చెప్పును. అక్కడికి వాయవ్యమున కొద్ది కిలోమీటర్ల దూరములో బేగంపేట విమానాశ్రయము కలదు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. గాలిపటము గాలి ఎటు వీచిన అటు తిరుగును, రన్‌వే తిరుగదు. చిన్న విమానమును దించువానికి చిక్కు ఇక్కడనే వచ్చును.

రన్‌వే కొనలపై 09, 27 అను అంకెలు ఉండును. 09 అనగా 90 డిగ్రీలు, అనగా తూర్పు. 27 అనగా 270 డిగ్రీలు, అనగా పడమర. పడమటి ముఖముగా దిగు విమానముపై 240 డిగ్రీల దిక్కునుండి గంటకు 36 కిలోమీటర్ల గాలి వీచుచున్నదనుకొందము. గాలికి, రన్‌వేకు నడుమ కోణము 30 డిగ్రీలు. దాని సైను విలువ సగము కనుక పక్కగాలి 18 కిలోమీటర్లు; కొసైను చొప్పున ఎదురుగాలి సుమారు 31 కిలోమీటర్లు. ఎదురుగాలి మేలు చేయును, నేలపై వేగమును తగ్గించును. కోణము 60 డిగ్రీలైనచో లెక్క తారుమారగును. పక్కగాలియే 31 కిలోమీటర్లగును. శిక్షణలో విరివిగా వాడు సెస్నా 172 రకమును నిర్మాతలు పరీక్షలలో దించి చూపినది సుమారు 28 కిలోమీటర్ల పక్కగాలిలో.

వానకాలమున అశోక్‌నగర్ పక్కగా పారు హుస్సేన్‌సాగరు నాలాలో తేలు ఆకును, దానిపై నడచు చీమను ఊహింపుడు. చీమ ఎటు నడచినను నీరు దానిని మోసికొనిపోవును. గాలిలో విమానము అట్టిదే. కనుక వైమానికుడు ముక్కును కొంత గాలివైపు తిప్పి, రన్‌వే గీత తప్పకుండ వచ్చును. కాని ఆ వంకరతోనే నేలను తాకినచో చక్రములు పక్కకు ఈడ్వబడును. అందుచే తాకుటకు ముందు చుక్కానితో ముక్కును తిన్నగా చేసి, గాలివైపు రెక్కను కొంచెము దించును. మొదట ఆ వైపు చక్రము, తరువాత రెండవది నేలను తాకును.

అపాయము ఇంతటితో తీరదు. ఇండ్ల చాటున సైకిలుపై వచ్చువాడు నారాయణగూడ చౌరస్తా చేరగానే పక్కగాలి తగిలి తూలును. రన్‌వే పక్కనున్న షెడ్ల చాటు దాటిన విమానమునకును అట్లే జరుగును. పైగా నిలువు తోక గాలికోడివలె పనిచేసి ముక్కును గాలివైపు త్రిప్పును. దీనిని ఆపవలసినది చుక్కాని. చుక్కాని బలము వేగముయొక్క వర్గమును అనుసరించును. వేగము 120 కిలోమీటర్లనుండి 60కి తగ్గినచో బలము నాలుగవ వంతే మిగులును. గాలి మాత్రము తగ్గదు.

1958లో మొదట ఎగిరిన మన పుష్పక్ వంటి తోకచక్రపు విమానములలో గురుత్వకేంద్రము ప్రధాన చక్రములకు వెనుక ఉండును. ముక్కు కొంచెము తిరిగినచో వెనుకనున్న బరువు ఆ మలుపును ఇంకను పెంచును. విమానము గిర్రున తిరిగి రెక్క నేలకు తగులవచ్చును. ముక్కుచక్రపు విమానములలో గురుత్వకేంద్రము ప్రధాన చక్రములకు ముందుండుటచే మలుపు దానంతట అదే సర్దుకొనజూచును. అయినను నిర్లక్ష్యము పనికిరాదు.

నేల తాకగానే పని ముగిసినదని చేతులు, కాళ్లు సడలించుట కొత్తవారి పొరపాటు. వేగము తగ్గినకొలది, రెక్కల అంచున ఉండు ఎయిలరానులను గాలివైపు మరింత త్రిప్పవలెను. విమానము పూర్తిగా నిలుచువరకు చుక్కానిని వదలరాదు. దిగకముందే గీతపై నిలుపుట సాధ్యము కాదని తోచినచో ఇంజను వేగము పెంచి మరల పైకి లేచిపోవలెను. అది ఓటమి కాదు. శిక్షణలో నేర్పు పాఠములలో ఒకటి.