కుక్క తిండి కోసే కత్తి



ఆదివారం పొద్దున హోసూరు వైపు ఏ మటన్ అంగడి దగ్గర నిలబడినా ఒక మాట వినబడుతుంది. అరకిలో, కిలో కొనుక్కున్నవారు సంచి అందుకుంటూ, "మా కుక్కకు కూడా ఏదన్నా వెయ్యప్పా" అంటారు. అంగడాయన మొద్దు పక్కన తీసిపెట్టిన ఊపిరితిత్తి ముక్కో, అమ్ముడుపోని కార్జం కొసో, కొవ్వు పొరో ఒక కవరులో వేసి ఇస్తాడు. డబ్బు అడగడు. ఇంటికి వచ్చి ఆ కవరు విప్పి అలాగే పెరట్లో కుమ్మరిస్తాం. కుక్క రెండు నిమిషాల్లో ఖాళీ చేసి తోక ఊపుతుంది. మనకూ సంతోషమే.

ఆ కవరుకూ కుక్క నోటికీ మధ్య ఒక గట్టి కత్తి పని చేయాలన్నది ఈనాటి నా ప్రసంగం. ముక్కలు చేయడం ఆ కత్తికి సగం పని. కోసి చూడడం మిగతా సగం. ఆ రెండో సగం చేయనందువల్ల వచ్చే నష్టం కుక్కకంటే ఎక్కువగా ఇంట్లోని పిల్లలకు తగులుతుంది. అదెలాగో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

కుక్కల పెంపకం మనవాళ్లకు కొత్త కాదు. తమిళనాట తెలుగు మాట్లాడే రాజులు తరతరాలుగా నివసిస్తున్న రాజపాళయం పేరు మీద ఒక కుక్కజాతే ఉంది. 2005లో మన తపాలాశాఖ విడుదల చేసిన కుక్కల బిళ్లలలో రాజపాళయం కుక్క ఒకటి, కర్ణాటకలోని ముధోల్ కుక్క మరొకటి. జాతి కుక్కయినా, వీధిలో దొరికిన పిల్లయినా, ఇంటి కుక్క మన ఇళ్లలో రాగిసంగటి, అన్నం, మజ్జిగ తిని పెరిగింది. అది తప్పేమీ కాదు. మనిషి పక్కన వేల ఏళ్లు బతికిన కుక్క, తోడేలుకంటే బాగా పిండిపదార్థాన్ని అరిగించుకోగలదని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. కాబట్టి పచ్చిమాంసం పెట్టకపోతే కుక్క బతకదన్న మాట నమ్మనక్కరలేదు. అమెరికా పశువైద్య సంఘమయితే 2012లోనే పచ్చిమాంసం పెట్టవద్దని సలహా ఇచ్చింది. అయినా మన ఇళ్లలో పెడుతూనే ఉన్నాం. పెట్టేవారు ఎలా పెడితే ప్రమాదం తగ్గుతుందో తెలుసుకోవడం మంచిది.

ముందు కత్తి సంగతి. మన వంటింట్లో ఉండేది కత్తిపీట. యానాం వైపు ఈలపీట అంటారు. పక్కింటి కన్నడంవారికి అది ఈళిగె మణె, తమిళులకు అరివాళ్‌మణై, మరాఠీలో విళీ, ఒడియాలో పనికి. పేర్లు వేరైనా పని ఒకటే. కూరగాయలకు, చేపలకు దానికి సాటి లేదు. కానీ కుక్క తిండికి అది పనికిరాదు. కారణం సులభం. దాని వాదర నేల నుంచి జానెడెత్తున నిటారుగా నిలబడి ఉంటుంది. సరిగ్గా అదే ఎత్తులో కుక్క మూతి ఉంటుంది. మాంసం వాసనకు కుక్క మీ మోచేతి కింద తల దూర్చిందంటే దాని ముక్కో మీ చెయ్యో తెగుతుంది. పైగా ఎముక ఉన్న ముక్కను రెండు చేతులతో వాదరకేసి నొక్కితే, ఎముక జారిన క్షణంలో వేళ్లు వాదర మీద పడతాయి.

కుక్క తిండికి వేరుగా ఒక పిడికత్తి పెట్టుకోండి. ఆరేడు అంగుళాల పొడవు చాలు. వీపు మందంగా, వాదర పలుచగా ఉండాలి. కత్తి ఇనుము పిడి చివరిదాకా పోయి రివెట్లతో బిగించి ఉందా అని చూసి కొనండి. పిడిలోకి రెండంగుళాలు మాత్రమే దిగిన కత్తి కొవ్వు, తడి తగిలి కొన్నాళ్లకు వదులవుతుంది. బలంగా నొక్కినప్పుడు పిడి ఒకవైపు, కత్తి ఒకవైపు పోతాయి. పిడి మరీ నున్నగా ఉండకూడదు. కొవ్వు అంటిన చేతిలో నున్నటి పిడి నిలవదు.

మొద్దుబారిన కత్తి అయితే ప్రమాదం తక్కువని కొందరనుకుంటారు. నిజం దానికి తలకిందులు. పదునున్న కత్తి మీరు పెట్టిన చోటనే దిగుతుంది. మొండికత్తికి బలం పెట్టాలి. బలం పెట్టినది జారితే లోతుగా దిగుతుంది. ఒక కాగితాన్ని గాలిలో పట్టుకొని కోసి చూడండి. చీలకుండా తెగితే పదును ఉన్నట్టు. లేకపోతే సానరాతి మీద నూరండి, లేదా వీధిలోకి వచ్చే సానపట్టే అతనికి ఇవ్వండి. ఉక్కుకత్తి తుప్పు పడుతుంది కాబట్టి కడిగిన వెంటనే తుడిచి పెట్టాలి.

ఇంకొక మాట. ఈ కత్తిని ఉల్లిపాయలకు, వెల్లుల్లికి వాడకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. అలాగే పచ్చిమాంసం కోసిన కత్తితో కోసిన కొత్తిమీర మన పులుసులో పడకూడదు. కత్తి వేరు, పలక వేరు, కుక్క గిన్నె వేరు అన్నది ఇంట్లో అందరికీ తెలిసిన నియమం కావాలి. కత్తి పిడికి ఒక రంగు దారం చుట్టి పెడితే చిన్నపిల్లలకు కూడా గుర్తు దొరుకుతుంది.

కోసే ముందు కుక్కను కట్టేయండి, లేదా తలుపవతల ఉంచండి. పలక కింద తడిగుడ్డ పరిస్తే పలక కదలదు. మాంసం ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంటే కత్తిని దానిలోకి పొడిచి తిప్పకండి. కత్తి విరుగుతుంది, చెయ్యి తెగుతుంది. గడ్డను కింది అరలో పెట్టి సగం కరగనిస్తే ముక్క కదలకుండా నిలిచి బాగా తెగుతుంది. ఎముకను నరకబోకండి, కీలు వెతకండి. కోడికాలును వెనక్కి విరిచి వేలితో తడిమితే కీలు ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ కత్తి సులువుగా దిగుతుంది. నరికిన ఎముకకు మొనలు వస్తాయి, కీలు దగ్గర విడదీసినదానికి రావు. కత్తి చేయి జారి పడిందా, పట్టుకోబోకండి. వెనక్కి జరగండి.

ముక్క ఎంత ఉండాలి? కుక్కకు మనలా నమిలి తినే అలవాటు తక్కువ. గొంతులో పట్టేదాన్ని మింగేస్తుంది. అందువల్ల మెత్తటి కండను బొటనవేలి కొసంత చిన్నగా కోయండి. నమిలించాలనుకుంటే నోట్లో పట్టనంత పెద్దది ఇచ్చి పక్కనే ఉండండి. మింగీ మింగకుండా అడ్డం పడేది మధ్యరకం ముక్కే. ఇక వండిన ఎముక ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఉడికిన ఎముక పెళుసుబారి ముల్లులా చీలుతుంది. పెద్ద పశువుల కాలి ఎముకలు పచ్చివైనా పళ్లను విరగ్గొడతాయి.

ఉత్త కండ మాత్రమే రోజూ పెడితే కూడా చిక్కే. కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. పెరిగే కుక్కపిల్లకు అదొక్కటే పెడితే ఎముకలు బలహీనపడి వంగుతాయి. కార్జం మంచిదే, కానీ రోజూ పెద్ద మొత్తంలో పెడితే ఏ విటమిన్ మితిమీరి అదీ ఎముకలకే చేటు. కాబట్టి సంగటి, అన్నం మానవద్దు. పచ్చిమాంసమే ఆహారంగా పెట్టేవారు పెద్ద కుక్కకు దాని బరువులో నూటికి రెండు మూడు వంతులని లెక్క కడతారు. అంటే ఇరవై కిలోల కుక్కకు 400 నుంచి 600 గ్రాములు. మనం సంగటితో కలిపి పెట్టేటప్పుడు అందులో చిన్న భాగమే చాలు. పందిమాంసం పచ్చిగా పెట్టవద్దు. కోళ్లకు బర్డ్ ఫ్లూ ఉన్న రోజుల్లో పచ్చి కోడిమాంసమూ వద్దు. 2025 ఫిబ్రవరిలో యానాంకు దగ్గరున్న గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు వచ్చింది. 2024లో అమెరికాలో పచ్చిమాంసపు తిండి తిని పిల్లులు ఈ జబ్బుతో చనిపోయాయి.

ఇప్పుడు ఆ ఉచితపు కవరు దగ్గరికి వద్దాం. అందులో ఎక్కువగా ఉండేది ఊపిరితిత్తులు, కార్జం. గొర్రె, మేకల ఈ అవయవాలలో అప్పుడప్పుడు తెల్లటి నీటిబుడగలు ఉంటాయి. శనగగింజంత నుంచి నిమ్మకాయంత వరకూ ఉండవచ్చు. ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ అది. ఆ బుడగను కుక్క పచ్చిగా తింటే, దాని పేగులో నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుండే చిన్న పురుగులు వందలుగా, ఒక్కోసారి వేలుగా పెరుగుతాయి. కుక్కకు ఏ జబ్బూ కనిపించదు. బాగానే తింటుంది, ఆడుతుంది. కానీ సుమారు ఆరేడు వారాల తరువాత దాని మలంలో ఆ పురుగు గుడ్లు పడడం మొదలవుతుంది. కంటికి కనబడని ఆ గుడ్లు కుక్క వెంట్రుకలకు అంటుతాయి. పిల్లవాడు కుక్కను నిమిరి, చెయ్యి కడగకుండా మురుకు తింటాడు. గుడ్డు కడుపులోకి పోయి, అక్కడి నుంచి కార్జానికో ఊపిరితిత్తికో చేరి, అక్కడ బుడగ కడుతుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. నొప్పి తెలిసేనాటికి పిల్లవాడు పెద్దవాడై ఉండవచ్చు. చాలాసార్లు శస్త్రచికిత్స తప్పదు. ఆ బుడగ లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. దీనినే హైడాటిడ్ జబ్బు అంటారు.

గొర్రె ఒకే పక్కకు గిరగిర తిరుగుతూ పడిపోవడం కాపరులు చూసే ఉంటారు. అది ఇంకొక బద్దెపురుగు మెదడులో కట్టిన బుడగ వల్ల. ఆ తలకాయ కుక్కకు వేస్తే కథ మళ్లీ మొదలు. అందుకే తలకాయ కూడా పచ్చిగా పెట్టవద్దు.

ఈ గొలుసును తెంచే పనిముట్టు మీ చేతిలోని కత్తే. పలక మీద మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్ప శుభ్రమైన కండ. పచ్చిగా పెట్టేది ఇదొక్కటే. రెండో కుప్ప కార్జం, ఊపిరితిత్తులు. వీటిని బొటనవేలి మందంతో బద్దలుగా చీల్చండి. ప్రతి బద్దనూ వెలుతురులో తిప్పి చూడండి. బుడగలు కనబడకపోయినా అవి పచ్చిగా పెట్టకండి. చిన్న బుడగలు కంటికి దొరకవు. నీళ్లు మరగడం మొదలైన తరువాత అరగంట ఉడికించి, ఉప్పు, మసాలా లేకుండా పెట్టండి. పలుచగా కోసినది లోపలిదాకా ఉడుకుతుంది. ముద్దగా వేసినది పైన ఉడికి లోపల పచ్చిగా మిగులుతుంది. మూడో కుప్ప బుడగలు కనబడిన ముక్కలు. బుడగను పగలగొట్టవద్దు. ఏ కుక్కా తవ్వలేనంత లోతుగా పాతి, పైన రాయి పెట్టండి. చెత్తకుప్పలో వేస్తే మన కుక్క తప్పించుకుంటుంది, వీధికుక్క తింటుంది. వీధికుక్క మన పిల్లలు ఆడే చోటనే తిరుగుతుంది.

అయిన తరువాత కత్తిని, పలకను సబ్బుతో తోమి మరిగే నీళ్లు పోయండి. పలకను ఎండలో ఆరబెట్టండి. చేతులు కూడా సబ్బుతో కడుక్కోండి. పచ్చిమాంసంలోని సాల్మొనెల్లా వంటి క్రిములు ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంత మాత్రాన చావవు. ఇంట్లో చంటిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు, జబ్బుమనుషులు ఉంటే కండను కూడా ఉడికించే పెట్టండి. ఇక కుక్కకు పశువుల డాక్టరుగారి చేత ప్రాజిక్వాంటెల్ అనే మందు వేయించండి. ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఇదంతా ఒక్క ఇంటివల్ల అవుతుందా అని మీరడగవచ్చు. ఐస్‌లాండ్ అనే చలిదేశంలో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఇళ్లలో ఉండేది. 1864లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ దేశపు శాస్త్రజ్ఞుడు రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడి ప్రజలకు వారి భాషలోనే అచ్చువేసి ఉచితంగా పంచారు. బుడగలున్న అవయవాలు కుక్కకు వేయవద్దన్నది అందులోని ముఖ్యమైన మాట. జనం చదివారు, పాటించారు. తరువాత చట్టాలు కూడా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ జబ్బు ఆ దీవి నుంచి పోయింది. కుక్కకు పచ్చి అవయవాలు పెట్టకుండా కట్టడి చేసిన న్యూజిలాండ్ కూడా 2002లో ఈ జబ్బు నుంచి బయటపడినట్టు ప్రకటించుకుంది. పాఠం చెప్పుకునే నాలాంటివాడికి ఈ సంగతి ధైర్యమిస్తుంది. సొంత భాషలో సులువుగా చెప్పిన మాట ఇంటింటికీ చేరితే జబ్బు కూడా వెనక్కి తగ్గుతుంది.

వచ్చే ఆదివారం అంగడాయన, "కుక్కకు ఊపిరితిత్తి వేసిస్తాను, తీసుకోండి అయ్యోరూ" అన్నప్పుడు వద్దనక్కరలేదు. తీసుకోండి. "బుడగలుంటే వెయ్యొద్దప్పా, కుక్కలకు అందనీయకుండా పాతిపెట్టు" అని మెల్లగా ఒక మాట చెప్పండి. ఇంటికి వచ్చి కుక్కను కట్టేసి, కత్తికి పదునుందో లేదో చూసుకొని, చీల్చి చూసి, ఉడికించి పెట్టండి. ఒక గంట ఆలస్యమైనందుకు కుక్క మీమీద అలగదు.