గాజుతొట్టిలో ఇరుగుపొరుగు

పండుగనాడు పెద్దలిచ్చే ఈదీ సొమ్ముతో పిల్లలు కోరుకునే వస్తువులలో ఈ మధ్య చేపలతొట్టి కూడా చేరింది. బిడ్డ చేయి పట్టుకుని తండ్రి దుకాణానికి వెళతాడు. నారింజరంగు చేప ఒకటి, పొడవాటి తోక ఉన్నది ఒకటి, చారలున్నవి రెండు, తొట్టిని శుభ్రం చేస్తుందని దుకాణదారు చెప్పిన నల్లచేప ఒకటి ఎంచుకుంటారు. అన్నీ రెండు మూడు ప్లాస్టిక్ సంచుల్లో ఇంటికి చేరుతాయి. వారం తిరిగేసరికి ఒకదాని తోక చిరిగి ఉంటుంది. ఇంకో వారానికి మరొకటి నీటిపై తేలుతుంది. నెల గడిచాక ఖాళీ తొట్టి అటక ఎక్కుతుంది. ‘చేపలు మా ఇంటికి అచ్చిరాలేదు’ అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు.

ఇందులో అచ్చిరావడం, రాకపోవడం అనే ప్రసక్తి లేదు. చాలా సందర్భాలలో ఆ చేపల మరణానికి కారణం కొన్ననాటి ఎంపికలోనే ఉంటుంది. ఏటిలోనో చెరువులోనో ఉన్న చేపకు పొరుగు చేప వేధింపు ఎక్కువైతే దూరంగా పోయే వీలుంటుంది. నీరు నచ్చకపోతే లోతుకు దిగుతుంది, నీడ వెతుక్కుంటుంది. రెండడుగుల గాజుగోడల మధ్య ఆ వెసులుబాటు ఏదీ లేదు. దాని నీటిని, ఆహారాన్ని, చివరకు దాని పొరుగును కూడా నిర్ణయించేది మనమే. అందువల్ల ఏ చేప పక్కన ఏ చేపను ఉంచాలన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ఆ ప్రాణి బ్రతుకుకు సంబంధించిన ప్రశ్న.

పెంపకం ఒక అమానతు

హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకోవడం, అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించడం హదీసు గ్రంథాలు చదివినవారికి తెలిసినదే. ప్రాణిని కష్టపెట్టకుండా ఇంట పెంచుకోవడానికి ధర్మవేత్తలు ఈ ఉదంతాన్ని ఆధారంగా చూపారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానై వెతుక్కునేందుకు వదలనూ వదలక చంపిన స్త్రీ ఉదంతం కూడా మనకు తెలుసు. ఈ రెండింటినీ కలిపి చూస్తే మన హద్దు ఎక్కడుందో స్పష్టమవుతుంది. పెంచుకోవచ్చు, అయితే బంధించినవారిదే పూర్తి బాధ్యత. చేప అరవలేదు, ఫిర్యాదు చేయలేదు. కనుక దాని అవసరాన్ని మనమే ముందుగా తెలుసుకోవాలి.

మొదట చూడవలసినది నీరు

చేపల పొత్తు కుదరాలంటే ముందు వాటన్నిటికీ ఒకే నీరు సరిపడాలి. నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలను బట్టి దానిని కఠినజలమనీ, మృదుజలమనీ అంటాము. తెలుగు ప్రాంతాలలో అనేక చోట్ల బోరునీరు కఠినజలమే. గీజరులోనూ, నీళ్ళు కాచే గిన్నె అడుగునా తెల్లటి పొర పేరుకుంటుంటే మీ ఇంటి నీరు కూడా అలాంటిదేనని గ్రహించవచ్చు.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే చేపలకు ఈ నీరే హితం. ఇవి గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కనే జాతులు. నీలం, ఎరుపు గీతలతో మెరిసే నియాన్ టెట్రా సంగతి వేరు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహకం. అక్కడ రాలిన ఆకులు నాని తేనీటి రంగుకు తిరిగిన మృదుజలంలో అది బ్రతుకుతుంది. మన బోరునీటిలో మోలీ హాయిగా ఉన్నచోటనే నియాన్ కృశించిపోవచ్చు. కొందరు ఆర్‌ఓ యంత్రపు నీరు శ్రేష్ఠమనుకుని తొట్టి నిండా అదే పోస్తారు. ఆ నీటిలో లవణాలు దాదాపుగా ఉండవు కనుక గప్పీ, మోలీ వంటివాటికి అదీ తగదు. మన నీటికి తగిన చేపను తెచ్చుకోవడమే సులువైన మార్గం. చేప కోసం ప్రతి వారం నీటి గుణాన్ని మారుస్తూ పోవడం గృహస్థులకు సాధ్యమయ్యే పని కాదు.

నీటి వేడిమిని కూడా గమనించాలి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. సుమారు 18 నుండి 22 డిగ్రీల సెల్సియస్ దానికి సుఖం. ఉష్ణమండలపు చేపలకు 24 నుండి 28 డిగ్రీలు కావాలి. ఈ రెండింటినీ ఒకే తొట్టిలో ఉంచితే ఏదో ఒకటి నిత్యం ఇబ్బంది పడవలసిందే. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. మన వేసవిలో గోల్డ్‌ఫిష్ నీటిపైకి వచ్చి నోరు తెరిచి ఆయాసపడడానికి ఇదొక కారణం.

నోటిలో పట్టేది ఆహారమే

ఒకే నీటికి చెందినవైతే చాలునా? చాలదు. ఏంజెల్ చేప, నియాన్ టెట్రా రెండూ అమెజాన్ ప్రాంతానివే. కానీ ఎదిగిన ఏంజెల్ చేప ఒక్కొక్కటిగా నియాన్‌లను మింగివేస్తుంది. దుకాణంలో రెండూ చిన్నవిగా ఉన్నప్పుడు కలిసి తిరుగుతాయి, చూసేవారు పొత్తు కుదిరిందనుకుంటారు. నాలుగు సెంటీమీటర్లకు మించని నియాన్ అక్కడే ఆగిపోగా, ఏంజెల్ చేప రెక్కల కొసలతో కలిపి 15 సెంటీమీటర్లకు పైగా ఎత్తు పెరుగుతుంది.

చేపలోకంలో తన నోటిలో పట్టే ప్రాణి సాధారణంగా ఆహారమే. ఇందులో ఆ చేప దుర్మార్గమేమీ లేదు, అది దాని సహజ గుణం. అందుచేత దుకాణంలో కనిపించే పరిమాణాన్ని చూడకూడదు, పూర్తిగా ఎదిగాక ఎంత అవుతుందో అడగాలి. వేలెడంత ఆస్కార్ చేప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో అది వెనక్కి తిరగడమే కష్టం.

స్వభావం, గుంపు, నీటి అంతస్తు

మూడవది స్వభావం. టైగర్ బార్బ్ చూడ ముచ్చటైన చారల చేప. అయితే పొడవాటి రెక్కలను కొరికే అలవాటు దానికి ఉన్నది. ఏంజెల్, గప్పీ, ఫైటర్ వంటి నిదానమైన చేపల పక్కన దీనిని ఉంచితే వాటి రెక్కలు పీలికలవుతాయి. ఎనిమిదింటికి తగ్గని గుంపుగా ఉంచినప్పుడు ఈ బార్బ్‌ల కలహం చాలావరకు తమలో తామే తీరిపోతుంది. ఒకటి రెండు మాత్రమే ఉంచితే ఇతర చేపలపై పడతాయి.

ఫైటర్ అని మనం పిలిచే బెట్టా థాయిలాండ్ ప్రాంతపు చేప. రెండు మగచేపలు ఒకే తొట్టిలో ఉంటే ఒకటి చచ్చేదాకా పోరాడవచ్చు. రంగురంగుల తోకలున్న మగ గప్పీని కూడా అది ప్రత్యర్థిగా భావించి తరుముతుంది. నీటిపైకి వచ్చి గాలి పీల్చే ప్రత్యేకమైన అవయవం దానికి ఉన్నందున చిన్న గాజుగిన్నెలోనైనా బ్రతుకుతుందని చెప్పి అమ్ముతారు. ప్రాణం నిలవడం వేరు, సుఖంగా జీవించడం వేరు. దానికి కనీసం 20 లీటర్ల నీరు, పైన గాలికి చోటు వదిలిన మూత ఉండాలి.

కొన్ని చేపలకు ఒంటరితనమే శిక్ష. నియాన్, జీబ్రా డానియో, అడుగున తిరిగే కోరిడోరస్ వంటివాటిని ఆరింటికి తగ్గకుండా ఉంచాలి. ‘ఒక్కో రకం ఒక్కటి చొప్పున’ కొంటే తొట్టి రంగులమయంగా కనిపించవచ్చు గాని ఆ చేపలు బెదురుతో మూలల్లో దాగుతాయి, మేత మానుతాయి.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. కొన్ని చేపలు నీటి పైభాగంలో, కొన్ని నడుమ, కొన్ని అడుగున సంచరిస్తాయి. వేర్వేరు అంతస్తుల చేపలను ఎంచుకుంటే అదే తొట్టిలో ఒరిపిడి తగ్గుతుంది. అడుగున ఉండే కోరిడోరస్‌కు మునిగే మేత వేరుగా వేయాలి. దాని మీసాలు గీసుకుపోకుండా మెత్తటి ఇసుక పరచాలి. పైచేపలు మిగిల్చిన మేతే దానికి చాలుననుకోవడం దాని హక్కును విస్మరించడమే.

దుకాణంలో వినిపించే రెండు మాటలు

‘గోల్డ్‌ఫిష్ గుండ్రటి గాజుబుడ్డిలో చాలు’ అన్నది మొదటిది. చైనాలో శతాబ్దాలుగా పెంపకంలో రూపుదిద్దుకున్న ఈ చేప కార్ప్ కుటుంబానికి చెందినది. సరైన పోషణలో పదేళ్ళకు పైగా జీవిస్తుంది, జానెడు పొడవు పెరుగుతుంది, ఎక్కువ మలినాన్ని విసర్జిస్తుంది. బుడ్డిలో అది ఎదగకుండా ఉండిపోయిందంటే అది ఆరోగ్య లక్షణం కాదు.

‘ఈ సక్కర్ చేప తొట్టిని శుభ్రం చేస్తుంది’ అన్నది రెండవది. అది గాజుకు పట్టిన నాచును కొంత గీకుతుంది, నిజమే. కానీ తాను విసర్జించే మలినమూ ఎక్కువే. ఎదిగితే అడుగు పొడవు దాటుతుంది. ఇల్లు పట్టక జనం దీనిని కాలువల్లోనూ చెరువుల్లోనూ వదలడం వల్ల మన ప్రాంతపు రైతులకు, జాలరులకు ఇది బెడదగా మారింది. ఒంటిపై గట్టి పెంకుండి, రెక్కలకు ముళ్ళుండి, వలలు చింపే ఈ చేపను తెలుగునాట దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్ళ ఆధారంగా తూర్పు కనుమల జలాశయాలలో దీని వ్యాప్తిని గుర్తించారు. ఇంటి తొట్టిలో తప్పిన ఎంపిక ఊరి చెరువును ఎలా చెరుపుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

రెండడుగుల తొట్టికి మూడు కూర్పులు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి కొలతకు సుమారు 55 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను దాదాపు 45 లీటర్ల నీరు నిలుస్తుంది. మధ్యతరగతి ఇంటికి తగిన ఈ తొట్టిలో, మొదటిసారి పెంచేవారు ఈ మూడు కూర్పులలో ఒకదానిని ఎంచుకోవచ్చు.

మొదటిది, బోరునీటి ఇళ్ళకు అనువైనది: ఏడెనిమిది మగ గప్పీలు మాత్రమే. ఆడవాటిని కలిపితే నెలకొకసారి పదుల సంఖ్యలో పిల్లలు పుట్టి తొట్టి కిక్కిరిసిపోతుంది. మగచేపతో ఒకసారి కలిసిన ఆడ గప్పీ ఆ తరువాత మగతోడు లేకుండానే కొన్ని నెలలపాటు పిల్లలను కనగలదు. ఆడవాటిని కూడా ఉంచదలిస్తే ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉండాలి. లేకపోతే మగచేపల వెంటబడడంతో ఆడచేప అలసిపోతుంది.

రెండవది: ఎనిమిది జీబ్రా డానియోల గుంపు. ఇది మన దేశపు వాగులలో సహజంగా బ్రతికే చేప. గట్టి ప్రాణం, ఒద్దికైన పరిమాణం. చురుకుగా ఈదుతుంది కనుక పొడవాటి తొట్టి దీనికి ఇష్టం. ఎగిరే అలవాటున్నందున మూత తప్పనిసరి.

మూడవది: ఒకే ఒక ఫైటర్, కొన్ని నీటి మొక్కలు. సంఖ్య తక్కువని పిల్లలు మొదట నొచ్చుకోవచ్చు. కానీ మనిషిని గుర్తుపట్టి మేతకు ఎదురువచ్చే చేప అది.

ఓర్పు కూడా పోషణలో భాగమే

తగిన చేపలనే ఎంచినా, కొత్త తొట్టిలో ఒక్కరోజే అన్నిటినీ వదిలితే ప్రమాదం తప్పదు. చేపల విసర్జన నుండి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. ఫిల్టరులో పెరిగే మేలుచేసే సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి మొదట రెండు మూడు గట్టి ప్రాణం గల చేపలతో ఆరంభించి, మేత కొంచెంగా వేస్తూ, మధ్య మధ్య నీరు మారుస్తూ, మిగిలినవాటిని వారాల ఎడంతో చేర్చాలి. ఆ తరువాత వారానికొకసారి నాలుగోవంతు నీరు మారిస్తే చాలు. కుళాయినీరైతే అందులోని క్లోరిన్‌ను తొలగించే మందు కలిపి పోయాలి. ఫిల్టరులోని స్పంజిని కుళాయి కింద తోమరాదు. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండితే ఆ సూక్ష్మజీవులు నిలుస్తాయి.

పొసగకపోతే ఏమి చేయాలి?

తోక చిరగడం, ఒక చేప ఎప్పుడూ మూలనే దాగడం, మేత వేసినా రాకపోవడం, రెక్కలు ముడుచుకోవడం వంటివి కనిపిస్తే ఆ చేపలకు సయోధ్య కుదరలేదని గ్రహించాలి. కొన్నాళ్ళు చూద్దామని ఊరుకుంటే బలహీనమైనది చనిపోతుంది. వెంటనే వేరుచేయండి. అందుకు మూతగల పెద్ద ప్లాస్టిక్ టబ్బు, చిన్న ఎయిర్ పంపు ఇంట్లో సిద్ధంగా ఉంటే మంచిది. కొనేముందే దుకాణదారును అడగండి: పొసగని చేపను తిరిగి తీసుకుంటారా? చాలామంది తీసుకుంటారు. లేదా తగిన తొట్టి ఉన్న బంధువులకు ఇవ్వండి. విముక్తి కలిగించిన పుణ్యం వస్తుందని చెరువులో మాత్రం వదలవద్దు. అక్కడ ఆ చేప చావవచ్చు, లేదా బ్రతికి అక్కడి చేపల నోటి ముద్ద లాక్కోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. దుకాణానికి వెళ్ళేముందు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయించండి. ఈ చేపకు ఎలాంటి నీరు కావాలి? ఎదిగితే ఎంతవుతుంది? ఎవరితో పడుతుంది? ఒంటరిగా ఉంటుందా, గుంపు కావాలా? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన చేపనే కొనండి. జవాబు దొరకని చేప ఎంత అందమైనదైనా దుకాణంలోనే ఉండనివ్వండి. తన ఇష్టాన్ని కాసేపు పక్కన పెట్టి నోరులేని ప్రాణి అవసరాన్ని ముందుగా అడగడం నేర్చిన బిడ్డకు ఆ ఈదీ సొమ్ము సార్థకమైనట్లే.