సత్యం చెప్పని ధర

షేర్ల ధరలో సమస్త సమాచారమూ ఇమిడి ఉంటుందన్న సిద్ధాంతానికి హైదరాబాద్ కంపెనీ పెట్టిన పరీక్ష

2008 డిసెంబర్ 16. ముంబైలో ఆ రోజు ట్రేడింగ్ ముగిశాక సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బాంబు పేల్చింది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటానూ 160 కోట్ల డాలర్లకు కొంటామంది. రెండూ సత్యం అధినేత బి. రామలింగరాజు కుటుంబ కంపెనీలే. (ఇంగ్లిషులో సత్యం పేరును తిరగేస్తే మేటాస్.) సాఫ్ట్‌వేర్ కంపెనీ సొమ్ముతో కుటుంబ ఆస్తులు కొనడమా అంటూ ఇన్వెస్టర్లు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్‌లు సగానికి పైగా కూలాయి. గంటల్లోనే రాజు వెనక్కి తగ్గారు.

షికాగో ఆర్థికవేత్త యూజీన్ ఫామా చెప్పింది సరిగ్గా ఇదే. బయటికొచ్చిన ఏ సమాచారమైనా క్షణాల్లో ధరలోకి ఇంకిపోతుంది కాబట్టి మార్కెట్‌ను మించి ఎవరూ నిలకడగా సంపాదించలేరన్నది 1970లో ఆయన క్రోడీకరించిన వాదం. 2013లో నోబెల్ కూడా దక్కింది. విచిత్రమేమిటంటే, ధరలు విలువతో సంబంధం లేకుండా ఊగిపోతాయని వాదించే రాబర్ట్ షిల్లర్‌తో కలిపి!

డిసెంబర్‌లో ఫామా గెలిచినట్టే. మరి మూడు వారాల తర్వాత?

2009 జనవరి 7న రాజు లేఖ బయటపడింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల్లో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి పడిపోయింది. మేటాస్ వాసనను గంటల్లో పసిగట్టిన మార్కెట్, ఏళ్ల తరబడి పేరుకున్న ఈ బొంకును మాత్రం పట్టలేకపోయింది. పేరున్న ఆడిటర్లు సంతకం పెట్టారు, ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డూ 2008లోనే వచ్చింది. మార్కెట్ అంకెలను చకచకా చదివేసింది. అవి నిజమో కాదో చూడటం వేరొకరి పని అనుకుంది.

ఆనవాళ్లు లేవా అంటే ఉన్నాయి. 2001లో పావు వంతు దాకా ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి 9 శాతం లోపునకు జారింది. అది అందరికీ కనబడే లెక్కే. మిగిలిన వాటా అప్పుల కింద తాకట్టులో ఉందన్న సంగతి మాత్రం 2008 డిసెంబర్ ఆఖరు దాకా బయటికి రాలేదు. ఇలాంటి తాకట్లను వెల్లడించి తీరాలని సెబీ 2009 జనవరిలో గానీ ఆదేశించలేదు. సమాచారమంతా ధరలోనే ఉంటే దాన్ని డబ్బు ఖర్చుపెట్టి తవ్వేదెవరని గ్రాస్‌మన్, స్టిగ్లిట్జ్ 1980లోనే అడిగారు. సత్యం విషయంలో అందరూ ఎవరో ఒకరు తవ్వే ఉంటారనుకున్నారు.

మార్కెట్ వేగం కూడా అందరికీ ఒకేలా అందదు. భిలాయి దగ్గరి ఉతైలో ఓ ఉక్కు కార్మికుడు రిటైర్మెంటు సొమ్ముతో సత్యం షేర్లు కొని ఉన్నాడనుకుందాం. డిసెంబర్ 16 రాత్రి న్యూయార్క్ ఫండ్లు అమ్ముకుంటుంటే అతను చేయగలిగింది తెల్లారేదాకా ఎదురుచూడటమే. మర్నాడు ముంబైలో షేరు 30 శాతం పడింది. సిద్ధాంతం ప్రకారం అది సమర్థ మార్కెట్టే. అతనికి మాత్రం తలుపు మూసుకుపోయాక చేరిన కబురు.

జనవరిలో గాభరాపడి 40కి అమ్మేసి ఉంటే? మూడు నెలలకే, ఏప్రిల్ 13న, టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున ఇచ్చి కంపెనీని దక్కించుకుంది. అమ్మకుండా అట్టిపెట్టుకున్నవారికి 2013 విలీనంలో ప్రతి 17 సత్యం షేర్లకు రెండు టెక్ మహీంద్రా షేర్లు ముట్టాయి.