పని లేని వేళ ప్రాసెసర్ వేగమెంత?

2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకు ఎంతో ఇష్టమైన చిప్పు. 3.3 గిగాహెర్ట్జ్ వేగంతో అమ్మిన దాన్ని మంచి కూలర్ బిగించి 4.5 దాకా నడిపినవారు చాలామంది. అయితే కంప్యూటర్‌ను ఊరికే వదిలేసినా తెర మీద అదే 4.5 కనిపిస్తుంటే సందేహం పుడుతుంది: కరెంటు దండగవుతోందా, చిప్పు అరిగిపోతోందా?

చిప్పు వేగం అంటే మదర్‌బోర్డు ఇచ్చే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తో హెచ్చించగా వచ్చేది. మల్టిప్లయర్ 45 అయితే 4.5 గిగాహెర్ట్జ్. పని తగ్గగానే ఈ చిప్పులో అది 16కు దిగాలి, వేగం 1.6 కావాలి. దీన్ని చూసుకునేది స్పీడ్‌స్టెప్. బ్యాటరీ ఆదా కోసం 2000లో ల్యాప్‌టాప్ పెంటియం 3తో ఇంటెల్ దీన్ని మొదలుపెట్టింది. ఏఎండీ ఇలాంటి ఏర్పాటునే కూల్ అండ్ క్వైట్ పేరుతో అథ్లాన్ 64 డెస్క్‌టాప్ చిప్పుల్లో పెట్టింది.

వేగం దిగకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. స్థిరత్వం కోసమని బయోస్‌లో స్పీడ్‌స్టెప్‌ను, పని లేనప్పుడు వేగం, వోల్టేజీ దించే సి1ఇని ఆపేసి ఉంటారు. లేదా విండోస్‌లో హై పర్ఫార్మెన్స్ ప్లాన్ ఎంచుకుని ఉంటారు. అందులో ప్రాసెసర్ కనిష్ఠ స్థాయి 100 శాతం, బ్యాలెన్స్‌డ్‌లో 5 శాతమే.

వేగం దిగితే చాలదు, వోల్టేజీ కూడా దిగాలి. ట్రాన్సిస్టర్లు మారినప్పుడల్లా ఖర్చయ్యే విద్యుత్తు వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే రకం పని మీద లెక్క వేద్దాం. 1.3 వోల్టుల దగ్గరే ఉంచి 4.5 నుంచి 1.6కు దింపితే ఖర్చు 36 శాతానికి వస్తుంది. వోల్టేజీని కూడా 1.0కు దింపితే 21 శాతానికి పడిపోతుంది. ట్రాన్సిస్టర్లు కదలకున్నా కారిపోయే లీకేజీ కరెంటు కూడా తగ్గుతుంది. బయోస్‌లో వోల్టేజీని ఒకే అంకె దగ్గర బిగించేస్తే ఈ లాభం పోతుంది. ఆఫ్‌సెట్ పద్ధతిలో చిప్పు అడిగే వోల్టేజీకి కొంత కలపడమో తీసేయడమో చేస్తాం కాబట్టి, అది వేగంతోపాటు కిందికి దిగుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఎక్కువ తీసేస్తే ఆ కోత తక్కువ వేగం దగ్గరా పడుతుంది. గంటలకొద్దీ భారీ పరీక్షలు నెగ్గిన యంత్రం, ఎవరూ ముట్టుకోనప్పుడు ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఇక వేగం అంకెలో కనిపించనిది నిద్ర. ఫ్యాను రెగ్యులేటర్ తగ్గించడం వేరు, స్విచ్చి కట్టేయడం వేరు. 2008లో వచ్చిన నెహలెం నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో పని లేని కోరు తన స్థితిని దాచుకుని, దాదాపు పూర్తిగా విద్యుత్తు తెంచుకోగలదు. దీన్ని సి6 అంటారు. అలా పడుకున్న కోరుకు 4.5 అయినా 1.6 అయినా ఒకటే. పైగా వేగాన్ని చూపించే సాఫ్ట్‌వేరే కోరును లేపి అంకె చదువుతుంది కాబట్టి, తెర మీద మనకు కనిపించేది మేలుకున్న క్షణమే. చిప్పు ఆయుష్షును ప్రధానంగా తగ్గించేవి వోల్టేజీ, వేడి. నిద్రలో ఉన్న కోరుకు ఆ రెండింటి బాధా తక్కువే.

అందుకే వరస ఇలా పెట్టుకోవడం మేలు. ముందు భారీ పని కింద స్థిరపరచండి. తర్వాత స్పీడ్‌స్టెప్, సి1ఇ, సి6లను ఆన్ చేసి బ్యాలెన్స్‌డ్ ప్లాన్ పెట్టండి. ఆపై ఆఫ్‌సెట్‌ను కొద్దికొద్దిగా సరిచేస్తూ, ప్రతిసారీ యంత్రాన్ని ఒక రాత్రి ఖాళీగా వదిలి చూడండి. ఎంత మిగిలిందో తెలియాలంటే ప్లగ్గు దగ్గర వాట్ మీటర్ పెట్టండి. అక్కడ తేడా లేకపోతే తెర మీది 4.5 గురించి బెంగ అక్కర్లేదు.