టికెట్ తప్పినా క్యూ తప్పదు

రోమ్, వాటికన్‌లలో తక్కువ ఖర్చుతో తిరిగే భారతీయ యాత్రికుడికి డబ్బుకన్నా పెద్ద కొరత సమయం. పేరున్న చోట తోపులాట, పక్కవీధిలో మాత్రం పైసా అడగని అద్భుతాలు

ఉదయం ఎనిమిది కాకముందే వాటికన్ మ్యూజియంల ప్రహరీ వెంట జనం బారులు తీరుతారు. మెడలో కార్డులు వేలాడేసుకున్న దళారులు ఆ వరుస పక్కనే తిరుగుతూ, క్యూ లేకుండా లోపలికి పంపిస్తామని ఆశ పెడుతుంటారు. అధికారిక వెబ్‌సైట్‌లో టికెట్ 20 యూరోలు, ముందుగా బుక్ చేసుకుంటే మరో 5. అదే ప్రవేశానికి దళారులు అడిగేది అంతకు చాలా ఎక్కువ. ఒక్కో యూరోకు 100 రూపాయలకు పైగా వదిలించుకుని, పెద్దవారు తలా 90 యూరోల వీసా రుసుము కట్టి వచ్చిన మధ్యతరగతి కుటుంబం ఆ గోడ పక్కన నిలబడి వేసుకునే లెక్క ఒక్కటే. డబ్బు మిగుల్చుకోవాలా, పూట మిగుల్చుకోవాలా?

తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్న తెలుగువారిని ఈ క్యూ భయపెట్టదు. ఇబ్బందల్లా లోపలికి వెళ్లాకే. గర్భగుడి ముందు దక్కేవి క్షణాలే అయినా తానెందుకు వచ్చాడో భక్తుడికి తెలుసు. సిస్టీన్ చాపెల్‌కు చేరేవారిలో చాలామందికి ఆ స్పష్టత ఉండదు. మ్యూజియం దారి చివర్లో ఉంటుందా ప్రార్థనాలయం. 120 మీటర్ల పొడవైన పటాల గ్యాలరీ, ఆ తర్వాత రాఫేల్ చిత్రాలున్న గదులు దాటి వెళ్లాలి. 'ఇంకెంత దూరం' అన్న ఆత్రంలో రాఫేల్ 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' ముందు నుంచి తల తిప్పకుండా సాగిపోయేవారు తక్కువేమీ కాదు.

తీరా చూస్తే అది 41 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పున్న హాలు. 1508 నుంచి 1512 దాకా మైఖెలాంజెలో చిత్రించిన పైకప్పు 20 మీటర్ల ఎత్తున ఉంటుంది. పాతికేళ్ల తర్వాత ఆయనే బలిపీఠం వెనక గోడ మీద వేసిన 'లాస్ట్ జడ్జ్‌మెంట్' ఎదురుగా కనిపిస్తుంది. కింద భుజం భుజం ఒరుసుకుంటూ జనం. నిశ్శబ్దం పాటించమని, ఫొటోలు తీయొద్దని, ముందుకు కదలమని కాపలాదారుల కేకలు. ఫొటోల నిషేధానికి మూలం భక్తి ఒక్కటే కాదు. 1980లలో మొదలైన పునరుద్ధరణకు డబ్బు పెట్టిన జపాన్ టీవీ సంస్థ బదులుగా చిత్రీకరణ హక్కులు రాయించుకుంది. ఆ హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయినా నిషేధం మాత్రం నిలిచింది. అందుకు చింతించాల్సింది లేదు. సెల్‌ఫోన్లు పైకి లేవని అరుదైన చోటు అదొక్కటైనా మిగిలింది.

అసలు ముప్పు కెమెరాల నుంచి కాదు, ఊపిరి నుంచి. వేలమంది శ్వాస, చెమట, బట్టల దుమ్ము ఈ కుడ్యచిత్రాలకు పడవు. 2014లో కొత్త ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థ అమర్చినప్పుడు, ఏటా 60 లక్షల మందికి మించి రానివ్వకూడదని మ్యూజియంల అప్పటి డైరెక్టర్ ఆంటోనియో పావొలూచి అన్నారు. ఆ గీత చెరిగిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. 2019లోనూ, కరోనా తర్వాత 2023లోనూ సందర్శకులు 67 లక్షలు దాటారు. పోప్ రాజ్యానికి ప్రధాన ఆదాయ వనరుల్లో ఈ మ్యూజియంలు ఒకటి. ఆదాయం తెచ్చే జనాన్ని ఎవరు మాత్రం తగ్గించుకుంటారు? 2025 మేలో పోప్ లియో ఎన్నిక కోసం కార్డినళ్లు సమావేశమైనప్పుడు మాత్రం చాపెల్ తలుపులు పర్యాటకులకు మూసుకున్నాయి. అది మొదట ప్రార్థనాలయమని లోకానికి గుర్తొచ్చేది అలాంటప్పుడే.

నెలలో చివరి ఆదివారం మ్యూజియం ప్రవేశం ఉచితం. ఆ రోజు జనం ఇంకా విరగబడతారు. కాబట్టి మిగిలే 20 యూరోలకు బదులు ఎదురుచూపులతోనే సగం రోజు చెల్లించుకోవాలి. బడ్జెట్ యాత్రికుడు తరచూ బోల్తాపడేది ఇలాంటి 'ఉచితం' దగ్గరే.

పైగా ఉచితాల జాబితా కూడా కుంచించుకుపోతోంది. హేడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి నిలిచి, 609 నుంచి చర్చిగా ఉన్న పాంథియన్‌లోకి 2023 జులై దాకా ఎవరైనా నడిచి వెళ్లగలిగేవారు. ఆ నెలలో 5 యూరోల టికెట్ పెట్టారు. వసూళ్లలో 70 శాతం ఇటలీ సాంస్కృతిక శాఖకు, 30 శాతం రోమ్ డయాసిస్‌కు. ప్రార్థనకు వచ్చేవారికి మినహాయింపు ఉంది. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఇంకో అడుగు వేసి, 2026 జనవరి నుంచి యూరప్ బయటి దేశాల వారికి టికెట్‌ను 32 యూరోలు చేసింది. ఇది అన్యాయమని వాపోయే భారతీయుడు ఒక్కసారి తాజ్‌మహల్ కౌంటర్‌ను తలుచుకోవాలి. అక్కడ మనకు 50 రూపాయలు, విదేశీయుడికి 1,100.

సెయింట్ పీటర్స్ బసిలికాలోకి వెళ్లడానికి మాత్రం ఇప్పటికీ డబ్బు అక్కర్లేదు. భద్రతా తనిఖీ క్యూ ఒక్కటే అడ్డంకి. ఉదయం ఏడింటికే చేరుకుంటే అదీ పెద్దగా ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నిబంధనతో చీర, సల్వార్ కట్టుకున్నవారికి చిక్కు లేదు. నిక్కర్లలో దిగే మగవారే ఇరుక్కుంటారు. లోపల కుడివైపున మైఖెలాంజెలో పాతికేళ్ల ప్రాయంలోపే చెక్కిన 'పియెటా' ఉంటుంది. 1972లో ఒక ఉన్మాది సుత్తితో దాడి చేశాక దాన్ని అద్దం వెనక్కి చేర్చారు. చలువరాతి కొడుకును ఒళ్లో పడుకోబెట్టుకున్న ఆ తల్లిని చూడాలంటే నాలుగైదు వరుసల తలల మీదుగా మెడ చాచాలి.

పది, పన్నెండు రోజుల్లో అయిదారు దేశాలు చుట్టేసే ప్యాకేజీల్లో రోమ్ వాటా చాలాసార్లు ఒక్క రోజే. భోజనానికి బెంగ ఉండదు, పప్పు, అన్నం వేళకు దొరుకుతాయి. చూడటానికే వేళ ఉండదు. సొంతంగా వచ్చి టెర్మినీ స్టేషన్ దగ్గర డార్మిటరీలో దిగి, వీధి కొళాయిల్లో సీసా నింపుకుంటూ తిరిగేవారికి ఆ ఒక్క సౌకర్యం ఉంటుంది. రోమ్‌లో అలాంటి కొళాయిలు రెండువేలకు పైనే. మంచినీళ్లకు పైసా ఖర్చు లేదు.

వారు గనక పక్కవీధుల్లోకి మళ్లితే రోమ్ వేరే లెక్కలో కనిపిస్తుంది. కొలోజియం నుంచి కాస్త గుట్ట ఎక్కితే సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో మైఖెలాంజెలో చెక్కిన మోషే. పాంథియన్‌కు కూతవేటు దూరంలో సాన్ లుయీజీ చర్చిలో కారవాజ్జో గీసిన మత్తయి చిత్రాలు మూడు. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. సుంకరి మత్తయి బల్ల మీద డబ్బు లెక్కపెడుతున్న దృశ్యం కోసం నాణేలు వెతుక్కునేవారి మధ్య తెలియని నవ్వొకటి పాకుతుంది. ఈ మధ్య అక్కడా రద్దీ పెరిగింది గానీ, తోసేవారు లేరు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సాంత్ అగొస్తీనో. మేరీమాత గుమ్మం ముందు మోకరిల్లిన ఇద్దరు బీద యాత్రికులను కారవాజ్జో అక్కడ చిత్రించాడు. చూసేవారి కళ్లకు మొదట ఆనేవి మట్టికొట్టుకుపోయిన ఆ మగమనిషి అరికాళ్లే. దేవుడి బొమ్మలో ఆ మురికి ఏమిటని నాలుగు వందల ఏళ్ల కిందట జనం గోల చేశారట. ఇలాంటి చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేసి, మళ్లీ మూడు, నాలుగింటికి గానీ తెరవవు. ఆ వేళకు ప్యాకేజీ బస్సులు ఫ్లోరెన్స్ దారి పట్టి ఉంటాయి.